ఎర్త్‌సీ కథాత్రయము: నిర్వహణసంధి

కథ నారంభించుటకంటె ముగించుట కష్టమని లాక్షణికులకుఁ దెలియనిది కాదు. ముఖసంధియందుఁ గవికి స్వాతంత్ర్యము మెండు. ఏ బీజమునైనను నాటవచ్చును. నిర్వహణసంధియం దా స్వాతంత్ర్యము లేదు. ముఖాదిసంధులయందుఁ జెదరియున్న యర్థము లన్నియు బీజముతోఁ గూడ నొక్క ప్రయోజనమును జేరవలెనని దశరూపకకర్త విధించెను. ఆ చోట నద్భుతరస ముండవలెనని భరతుఁ డంతకుముందే చెప్పియుండెను. ఒక్క నాటకమునకే యింత నియమ ముండఁగా, మూఁడు గ్రంథములుగాఁ బెరిగిన కథకు ముగింపు కుదురుట మఱింత దుర్లభము. మొదటి గ్రంథమున నాటిన విత్తనమును మూఁడవదానిని వ్రాయునప్పటికి రచయిత మఱచిపోవచ్చును. చదువరి మాత్రము మఱవఁడు.

ఇట్టి ముగింపు కుదిరిన యాధునికోదాహరణములలో అమెరికా దేశపు రచయిత్రి అర్సులా లెగ్విన్ రచించిన ఎర్త్‌సీ కథాత్రయ మొకటి. ఇందలి కథానాయకుఁడు తుదిని గెలుచును. గెలిచి సర్వమును గోల్పోవును. రాజ్యము మఱియొకనికిఁ బోవును. మంత్రశక్తి యణుమాత్రమును మిగులదు. అయినను గ్రంథమును ముగించిన చదువరికిఁ గొఱఁత తోఁపదు. ఈ తృప్తి యెచ్చటినుండి వచ్చుచున్నదో విచారింపఁదగియున్నది. విచారమునకు మఱియొక హేతువును గలదు. ఈ ముగింపును ముగింపుగా నుండనీయక, పదునెనిమిది సంవత్సరముల పిమ్మట రచయిత్రియే దానిని మఱల తెఱచెను. తెఱచి కొంత పడఁగొట్టెను. కర్త్రియే పడఁగొట్టినదానిని నిర్వహణ మనవచ్చునా యనునది ప్రశ్నము.

మూఁడు కృతుల నొక్క కథగాఁ గూర్చుట పాశ్చాత్యులకుఁ గ్రొత్త కాదు. ప్రాచీన ఏథెన్సు నగరమున డయొనైససు దేవుని యుత్సవమునందు విషాదనాటకములను మూఁడేసి చొప్పునఁ బ్రదర్శించుచుండెడివారు. ఆ త్రయములలో సంపూర్ణముగా మిగిలినది క్రీ.పూ. 458లోఁ బ్రదర్శింపఁబడిన ఈస్కిలసు కవి ఒరెస్టియా యొక్కటియే. అందు రక్తమును గోరి వెంటఁదఱుము ప్రతీకారదేవతలు మూఁడవ నాటకము తుదిని శాంతించి, యా నగరమునకే రక్షకురాండ్రగుదురు. చీఁకటిశక్తులను జంపక వానికిఁ దగిన నెలవును జూపి కథను ముగించు మార్గ మంత ప్రాచీనము. ఇరువదవ శతాబ్దమున నాంగ్లభాషలో నద్భుతకథలు విస్తారముగా వెలసినవి. వానిలో భయానకము ప్రధానమై, ఛాయ, భూగర్భము, మృత్యువు మొదలగువాని చుట్టును దిరుగు శాఖ యొకటి కలదు. ఎర్త్‌సీ కథలు బాలురకై వ్రాయఁబడినవయ్యు నా శాఖలోఁ జేర్పఁదగినవి; మూఁడు గ్రంథములకును వరుసగా నీ మూఁడే విషయములు.

లెగ్విన్ 1929లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరమున జన్మించెను. తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ మానవశాస్త్రమునఁ బ్రసిద్ధుఁడు. తల్లి థియొడోరా క్రోబర్ రచయిత్రి. 1964లో నామె ప్రకటించిన రెండు చిన్నకథలలో నీ ద్వీపములు తొలుత గనఁబడినవి. 1967లో నొక ప్రకాశకుఁడు పెద్దబాలుర కుపయోగించు గ్రంథమును గోరఁగా, మఱుసటి యేఁట ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ వెలువడెను. ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’ గ్రంథరూపమున 1971లోను, ‘ది ఫార్దెస్ట్ షోర్’ 1972లోను వెడలినవి. ఈ కడపటిది 1973లో అమెరికా జాతీయగ్రంథపురస్కారమును బాలసాహిత్యశాఖయందుఁ బొందెను. 2018లో రచయిత్రి మరణించునప్పటికి నీ కథలు పలుభాషలకెక్కి యుండెను.

ఎర్త్‌సీ యనఁగా భూమియు సముద్రమును గలిసిన పేరు. అది యసంఖ్యాకములైన ద్వీపముల సముదాయము. అందలి ప్రజలలోఁ బెక్కురు తామ్రవర్ణులు, శ్యామవర్ణులు. తెల్లనివారు తూర్పుదెస నున్న దోపిడికాండ్రు. ఆ కాలపు టాంగ్లాద్భుతకథలలో నిది యసాధారణము. రోక్ అను ద్వీపమున మాంత్రికుల పాఠశాల యొకటి కలదు. ప్రతివస్తువునకును, ప్రతిప్రాణికిని సృష్టితోఁ బుట్టిన నిజనామ మొకటి యుండును. దాని నెఱిఁగినవాఁడు దాని నాజ్ఞాపింపఁగలఁడు. కావుననే జనులు నిజనామమును దాఁచుకొని వ్యవహారమునకు మాఱుపేరు పెట్టుకొందురు. ప్రాణమిత్రునికిఁ దప్ప నన్యులకుఁ జెప్పరు. మంత్రశాస్త్ర మెఱిఁగిన పండితులకిది సుబోధము. భేద మేమనఁగా, నిచ్చట దేవతావాహనము లేదు, నామజ్ఞానమే శక్తి. శక్తి నుపయోగించినంతమేర లోకమునందలి సమతౌల్యము చలించునని పాఠశాలలో బోధింపఁబడును. మేలిమి మాంత్రికుఁడు మంత్రము వేయుటకు వెనుదీయువాఁడే గాని త్వరపడువాఁడు గాఁడు.

గాంట్ ద్వీపమున మేఁకలను గాచుకొను బాలుఁడొకఁడు గలఁడు. వ్యవహారనామము స్పారోహాక్, అనఁగా డేగ, నిజనామము గెడ్. శక్తి పుష్కలము, గర్వ మంతకు మిక్కిలి. ఓగియన్ అను మౌనశీలుఁడైన గురువు నొద్ద నోర్వలేక రోక్ పాఠశాలకుఁ బోయెను. అచ్చట జాస్పర్ అను సహాధ్యాయితోడి స్పర్ధచేత, నొకరాత్రి కొండమీఁద, ఎన్నఁడో మరణించిన ఎల్ఫారన్ అను సుందరి ప్రేతమును బిలిచెను. పిలుపునకు లోకముల నడిమి తెర చిరిఁగెను. ఆ చిరుఁగునుండి రూపములేని ఛాయ యొకటి వెలికుఱికి బాలుని ముఖమును జీఱెను. మహామాంత్రికుఁడైన నెమ్మర్లె వచ్చి యా చిరుఁగును మూసెను. మూయుటకుఁ దన శక్తినంతయు వెచ్చించెను, వెచ్చించి మరణించెను.

ఈ ఘట్టమును శ్రద్ధతో గుర్తుంచుకొనవలెను. బాలుని గర్వము తెఱచిన ద్వారమును మూయుటకు వృద్ధుఁడొకఁడు సర్వస్వమును జెల్లించెను. బాలుఁడు ఛాయతోఁ బోరాడవలసియుండెను. ఆ కథయే మొదటి గ్రంథము. తఱుమఁబడినవాఁడు గురూపదేశముచేత వెనుదిరిగి తఱుమువాఁడయ్యెను. తుదకుఁ దూర్పు సముద్రము చివర ఛాయ నెదుర్కొని దానికిఁ దన పేరే పెట్టి పిలిచెను. అది వానిలోఁ గలిసిపోయెను. గెలుపును లేదు, ఓటమియు లేదు. ఆ ఛాయ తన మరణఛాయయే యని యెఱిఁగి వాఁడు సంపూర్ణుఁడయ్యెను. ఛాయ వ్యవహారము దీనితోఁ దీఱెను. నెమ్మర్లె చెల్లించిన వెలమాట మాత్ర మెవ్వరు నెత్తలేదు. ఋణ మట్లే నిలిచియున్నది. మొదటి గ్రంథమును జదివినవారు దీనిని గమనింపకపోయినఁ దప్పు లేదు. గ్రంథకర్త్రియు గమనింపుఁడని చెప్పదు.

రెండవ గ్రంథ మన్యమార్గమునఁ బోవును. అటువాన్ అను తెల్లవారి ద్వీపమున, నామములేని చీఁకటి దేవతల సమాధిస్థలమందు, తెనార్ అను పసిబిడ్డను దెచ్చి, పేరు గొనివేసి, పూజారిణిగాఁ జేసిరి. భూగర్భమునఁ జిక్కుదారుల గృహ మామె యేలిక. విఱిగిన యొక కంకణఖండమునకై గెడ్ అచ్చోటికి దొంగవలె వచ్చి చిక్కుకొనెను. చంపవలసిన యామె చంపలేకపోయెను. ఆమెకుఁ దన నిజనామమును జెప్పి గెడ్ నమ్మకమునకు నమ్మకము నిచ్చెను. ఇరువురును వెడలివచ్చిరి, కంకణ మతుకఁబడెను. దానిపై శాంతిలిపి చెక్కఁబడియుండెను. అది విఱిగిన నాఁటినుండి ద్వీపములకు సరియైన రాజు లేఁడు. కంకణములో నొకఖండమును మొదటి గ్రంథమునందే, యిసుకతిన్నెమీఁద వెలివేయఁబడిన యొక ముసలిది గెడ్‌చేతఁ బెట్టియుండుట గమనింపఁదగినది. చిన్న దానము పెద్దపని చేయుట జనపదకథల ధర్మము. లెగ్విన్ దాని నెచ్చటను మీఱదు.

మూఁడవ గ్రంథమున గెడ్ వృద్ధుఁడగుచున్నాఁడు. రోక్ పాఠశాలకు మహామాంత్రికుఁడు, అనఁగా నెమ్మర్లె పీఠమునం దున్నవాఁడు. ఎన్లాడ్ రాజకుమారుఁడు ఆరెన్ యొక వార్తను దెచ్చెను: పొలిమేర ద్వీపములందు మంత్రములు పలుకుట లేదు. మాంత్రికులు పదములను మఱచిపోవుచున్నారు. ఇరువురును చిన్నపడవ నెక్కి కారణమును వెదకఁబోవుదురు. ఈ ప్రయాణవర్ణనమునందు భయానకరసము సన్నగా, గొంతెత్తక నడుచును. రాక్షసులు లేరు. హోర్ట్ పట్టణమున జనులు మత్తాకులు నమలుచు వీథుల నొరగియుందురు. తొల్లి మాయలు చూపిన స్త్రీ యొకతె యిప్పుడు గుడ్డ లమ్ముకొనును. లోర్బనరీ ద్వీపము పట్టునకుఁ బేరెక్కినది; అచ్చట రంగులద్దువారి విద్య నశించినది, పట్టు చాయ చెడినది, అయినను విద్య యొకటి యుండెనన్న మాటనే జను లొప్పుకొనరు. సముద్రమధ్యమునఁ దెప్పలపై బ్రతుకు జాతివారు ప్రతి యేఁటను వేసవి నడిరాత్రి నృత్యమును జేయుదురు. ఆ యేఁడు గాయకులు పాటను నడుమ మఱచిపోయి నిలిచిరి. మహాసర్పములై ఱెక్కలతో నెగురు డ్రాగనులు సైతము వాక్కును గోల్పోయి పశువులగుచున్నవి. ఎక్కడనో యొక రంధ్రమునుండి లోకపు సారమంతయుఁ గాఱిపోవుచున్నది.

ఆ నష్టమునందు సామాన్యుని వృత్తి కెంత చోటిచ్చినదో చూడుఁడు. రాజ్యములు కూలుట కంటెఁ బట్టుచీర రంగు వెలయుట గ్రంథకర్త్రికి ముఖ్యమైనది. లోకక్షయమును నేఁతగాండ్ర, గాయకుల, వైద్యురాండ్ర చేతులలోఁ జూపుటచేతనే కడపటి ప్రతిక్రియకు బరువు వచ్చినది.

విమర్శసంధి యనఁదగినది నడుమ నున్నది. గెడ్‌కు గాయమగును. ఆరెన్ నిరాశచేత వశము దప్పి, యా గాయమును జూడనైనను జూడక పడవను గాలికి వదలివేయును. చావులేని బ్రదుకు దొరకునను ప్రలోభ మతనికిని స్వప్నమునఁ బిలుపు పంపియుండెను. భావిరాజైన పాత్ర యింత నీచమునకు దిగుట బాలసాహిత్యమున నరుదు. దీనిని దాఁటినవాఁడు గనుకనే కథ చివర నతనికి దక్కిన రాజ్యము వరప్రాప్తమువలెఁ గాక సంపాదితమువలె నుండును.

రంధ్రమును జేసినవాఁడు కాబ్ అను మాంత్రికుఁడు. వీనికిఁ బూర్వకథ కలదు. ఎన్నఁడో వీఁడు డబ్బునకై మృతులఁ బిలిచి వేడుక చూపుచుండఁగా, గెడ్ కోపించి, వీనిని మృతుల లోకపు సరిహద్దు గోడవఱకు నీడ్చుకొనిపోయి భయపెట్టెను. కాబ్ పశ్చాత్తాపము నటించి ప్రాణభీతిని లోన దాఁచుకొనెను. ఆ భీతియే వానిచేత జీవమరణముల నడిమి తలుపును దెఱపించినది. అనఁగా లోకక్షయమునకు మూలమునందు గెడ్ కోపమును గర్వమును నున్నవి. బాల్యమున వాఁడు చేసినదియు మృతులను బిలుచుటయే. అదియు నితరులు చూడవలెననియే. కాబ్ పరాయివాఁడు కాఁడు, గెడ్ కాఁబోయి తప్పించుకొన్న రూపము. మొదటి గ్రంథమునందలి ఛాయ యిచ్చట మనుష్యుఁడై నిలిచినది.

కడపటి రంగము పడమటి కొసనున్న సెలిడోర్ ద్వీపమునఁ బ్రారంభమగును. ఓర్మ్ ఎంబర్ అను డ్రాగను కాబ్ శరీరముపైఁ బడి దానిని నలిపి తానును జచ్చును. శరీరము నశించినను కాబ్ చావఁడు. వాని వెంట గెడ్‌యు ఆరెన్‌యు నెండిననేల యనఁబడు మృతలోకమునఁ బ్రవేశింతురు. ఈ లోకవర్ణనము గ్రంథమునకుఁ బ్రాణము. మోఁకాలెత్తు ఱాతిగోడ, అవతల క్రిందికి జాఱు నేల, కదలని నక్షత్రములు. పట్టణములు గలవు, వీథులు గలవు, అంగళ్ళలో సరకు లేదు. తల్లియు బిడ్డయు నెదురుపడి పలుకరు. ఒకరికై యొకరు ప్రాణము విడిచిన ప్రేమికులు వీథిలో నొకరి నొకరు చూడక సాగిపోవుదురు. యాతన లేదు, నరకాగ్ని లేదు, వైతరణి లేదు; నీరే లేదు. పురాణములందలి యమలోకమున భయము దండనవలనఁ గలుగును. ఇచ్చట దండించువాఁడు లేకపోవుటయే భయము.

ఎండిన యేటి మూలమునఁ జీఁకటి ద్వారముకడఁ గాబ్ గ్రుడ్డివాఁడై యుండును. గెడ్ వానిని నిజనామ మడుగఁగా వాఁడు చెప్పలేఁడు. చావకుండుటకై తన పేరును విక్రయించెను. పేరు పోఁగా చావకుండ మిగిలిన దేమియో వానికే తెలియదు. నామతత్త్వముపై మూఁడు గ్రంథములుగా నడచిన శాస్త్రమంతయు నీ యొక్క మౌనమునఁ బర్యవసించినది. అంతట గెడ్ తన శక్తినంతయుఁ గూడఁదీసి ద్వారముపై సమాప్తిలిపిని వ్రాసి మూయును. కాబ్ కెట్టకేలకుఁ జావును బడసి శాంతించును. గెడ్ శక్తి యింకిపోయెను. ఆరెన్ అతనిని మోసికొని, మృతులు దాఁటరాని వేదనాపర్వతములను దాఁటి సెలిడోర్ తీరమును జేరెను.

నెమ్మర్లె రోక్ కొండమీఁదఁ జేసినదేది? బాలుని గర్వము తెఱచిన చిరుఁగును సర్వశక్తిని వెచ్చించి మూయుట. గెడ్ ఎండిననేలలోఁ జేసినదేది? తాను భయపెట్టినవాఁడు తెఱచిన తలుపును సర్వశక్తిని వెచ్చించి మూయుట. తృప్తికి మూలమిదియే. ఋణము పుట్టిన నాణెముతోనే తీఱెను, అప్పుపడినవాఁడే తీర్చెను, పూర్తిగాఁ దీర్చెను. బీజమేదో యది చదువరికిఁ దెలియక పెరిగి నిర్వహణమున మఱల గనఁబడెను. గెడ్‌కు శక్తి మిగిలియుండిన నిది చిల్లరసాహసకథ యగును. మరణించియుండిన నెమ్మర్లెకు నకలగును. బ్రదికి, రిక్తుఁడై, తీరమున నుండుటయే నూతనము. ఆరెన్ చేయందీయఁబోవు దండమును సైతము వలదని యిసుకలోనే విడిచిపెట్టించును.

అద్భుతరసముమాట. కలెస్సిన్ అను వృద్ధడ్రాగను వచ్చి యిరువురను వీఁపున నెక్కించుకొని రోక్ ద్వీపమున దింపును. నీరులేని నేలనుండి వెలువడిన చదువరికి సముద్రముపై నీ గగనయాత్ర కలిగించు హర్షము భరతుని విధికి సరిపోవును. రచయిత్రి నాట్యశాస్త్రమును జూచి వ్రాయలేదని వేఱే చెప్పనక్కఱలేదు. రోక్ ద్వీపమున గెడ్ ఆరెన్ యెదుట మోఁకరిల్లును. ఎనిమిది వందల యేండ్లకుఁ బూర్వము కడపటి రాజైన మహారియన్, చీఁకటిలోకమును బ్రాణములతో దాఁటి పగటి దూరతీరమును జేరినవాఁడు తన సింహాసనము నెక్కునని పలికియుండెను. ఆ వాక్కు ఫలించెను. రెండవ గ్రంథమున నతుకఁబడిన కంకణమునకుఁ గావలసిన రాజును దొరకెను. ఇది లాక్షణికులు చెప్పిన ఫలాగమము.

అయినను రాజప్రాప్తియం దంత రసము లేదు. రస మొక చిన్న ఱాతియం దున్నది. వేదనాపర్వతముల నల్లఱాయి ముక్క యొకటి ఆరెన్ సంచిలోఁ జిక్కి వచ్చినది. సెలిడోర్ తీరమున, చూచువారు లేనిచోట, నతఁడు దానిని బిడికిట మూసి విజయ మనునది యిదియని తొలిసారి యెఱుఁగును. జయజయధ్వానములు వెనుక వచ్చును. వానిని గ్రంథము రెండుమూఁడు వాక్యములతోఁ ద్రోసివేయును.

మహాభారతము యాదవపాండవుల విరసావసానముతో ముగియుటచేతనే యందు శాంతము ప్రధానరసమని ధ్వన్యాలోకకర్త నిర్ణయించెను. ముగింపు సుఖమా దుఃఖమా యనునది కాదు, రసనిర్ణయము చేయఁగలదా యనునది యతని దృష్టి. ఆ దృష్టితోఁ జూచినచో ఎర్త్‌సీ యవసానము భయానకమును శాంతమునఁ జేర్చినది. గెడ్ ప్రయాణము పొడుగునను ఆరెన్‌కు బోధించినదియు నిదియే: చావు బ్రదుకునకు వెల, వెల యీయనివానికి సరకు దక్కదు.

దోషములు లేకపోలేదు. మూఁడు గ్రంథములలో మొదటిది పెరుఁగుదలను గూర్చి, రెండవది స్త్రీపురుషసంబంధమును గూర్చి, మూఁడవది మరణమును గూర్చి యని 1973లో వ్రాసిన యొక వ్యాసమున లెగ్విన్ చెప్పెను. మరణవిషయక మగుటచేత మూఁడవది తక్కినవానివలె సుఘటితము కాలేదని తానే యొప్పుకొనెను. ఆ మాట నిజమే. కాబ్ పూర్వకథ మొదటి రెండు గ్రంథములలో నెచ్చటను సూచితము కాదు. మూఁడవదానియందే గెడ్ ముఖమున వచ్చును. బీజము గెడ్ గర్వమునందున్నను, కాబ్ అను మొలక యాలస్యముగా నాటినదే. తెనార్ పేరుకు మాత్రమే కనఁబడుట మఱింత పెద్దకొఱఁత. రెండవ గ్రంథమంతయు నెవతె మనస్సునందు నడచినదో యామె కీ ముగింపునఁ జోటు లేదు.

వీనికంటె గంభీరమైన యాక్షేపణ యొకటి. మృతుల కా యెండిననేల యేల? తల్లి బిడ్డను గుర్తింపని లోకమును సమతౌల్య మనుట యెట్లు? మూఁడవ గ్రంథము ప్రకారము కాబ్ తప్పు చేసెను, గెడ్ దిద్దెను, గోడ యథాస్థానమున నిలిచెను. నిలిచిన గోడ కవతల నా ప్రేమికు లింకను పలుకరింపుకొనకయే తిరుగుచున్నారు. వ్యవస్థను రక్షించుట చాలునా, యా వ్యవస్థయే న్యాయమా యని యడుగు చదువరి మూర్ఖుఁడు కాఁడు.

1990లో ‘తెహాను’ ప్రకటితమైనప్పుడు దానికి ఎర్త్‌సీ కడపటి గ్రంథమను నుపశీర్షిక పెట్టఁబడెను. అదియుఁ గడపటిది కాలేదు. 2001లో నొక కథాసంపుటమును ‘ది అదర్ విండ్’ అను నవలయు వెలువడినవి. మొదటిదానియందుఁ గథ తెనార్ వశమయ్యెను: ఆమె గాంట్ ద్వీపమున వితంతువై, యగ్నిదగ్ధయైన యొక బిడ్డను బెంచుచుండఁగా, కలెస్సిన్ రిక్తుఁడైన గెడ్‌ను దెచ్చి దింపెను. 2001 నాఁటి నవలలో ఆల్డర్ అను నతఁడు, పగిలినపాత్రల నతుకు చిన్నవిద్య గలవాఁడు, మరణించిన భార్య గోడకవతల నుండి చేయి చాఁచుచున్నట్లు నిత్యము కలఁ గాంచును. విచారింపఁగాఁ దేలిన దేమనఁగా, ఎండిననేల సృష్టిసిద్ధము కాదు. పూర్వమాంత్రికులు మరణానంతరమును తమ యస్తిత్వమును నిలుపుకొనఁగోరి, డ్రాగనులకుఁ జెందిన పడమటిదేశమున నొకభాగము నపహరించి మంత్రబద్ధముగాఁ గట్టిన గోడ యది. కట్టఁగానే యందు గాలి నిలిచిపోయెను, నీ రింకెను. తుదిని ఆల్డర్ మొదలగువారు గోడను విఱుగఁద్రోయుదురు. మృతులు వెలుఁగులోనికి వచ్చి కరఁగిపోవుదురు. అతుకుటయే వృత్తిగాఁ గలవాఁడు పడఁగొట్టుటకుఁ బూనుట రచయిత్రికి దక్కిన చక్కని యూహ.

ఇంతతో నాక్షేపణకు సమాధానము దొరికినది. దొరకఁగానే కథాత్రయపు ముగింపు కూలెనని తలఁచువారు గలరు. గెడ్ ప్రాణము పెట్టి కాపాడిన గోడయే దొంగగోడయైనచో నతని త్యాగ మెందుల కన్నట్లు వారి వాదము. ఆ వాదము నిలువదు. గెడ్ మూసినది కాబ్ చేసిన రంధ్రమును గాని, గోడను గట్టినవాఁ డతఁడు గాఁడు. లోకపు సారము కాఱిపోకుండ నాపుట యానాఁటి పని. గోడ మర్మ మెఱుఁగుట తరువాతి తరముపని. పైఁగా గోడ కట్టిన పూర్వుల దోషమును గాబ్ దోషము నొక్కటియే, చావునకు వెలయీయకుండఁ బేరు నిలుపుకొనఁజూచుట. ఒకని దురాశగాఁ గనఁబడినది జాతి దురాశయని తేలుటచేత మూఁడవ గ్రంథమునందలి తీర్పు విరివి యయ్యెనే కాని తిరుగఁబడలేదు.

ఇందులకుఁ బ్రబలమగు ప్రమాణము గెడ్‌యే. వెనుకటి గ్రంథములలో లెగ్విన్ మార్పనిది లేదు. రోక్ పాఠశాల మగవారిదే యను నియమము సందేహగ్రస్తమయ్యెను. డ్రాగనులకును మనుష్యులకును గల భేదము కరఁగెను. మృతలోకము తుడిచిపెట్టఁబడెను. ఇన్నిటిని మార్చినదియు గెడ్‌కుఁ బోయిన శక్తిని మాత్రము తిరిగి యీయలేదు. ఒక్కమంత్రమైనను వాని నోటఁ బలుకదు. తొలి చిన్నతనమువలెనే మేఁకలను గాచుకొనుచు, లోకమంతయుఁ దాఱుమాఱగుచుండఁగా 2001 నాఁటి నవలలో రోక్‌కుఁ గాని రాజధానికిఁ గాని పోక, గాంట్ కొండమీఁద నింటనే యుండును. పాఠకులు కోరుదు రనియో, కథ కవసర మనియో దాని నొక్కసారి తిరిగి యిచ్చియున్నచో 1972 నాఁటి ముగింపు వట్టిదయ్యెడిది. తీఱిన ఋణమును తిరుగఁదోడకుండుటయందు రచయిత్రి చూపిన నిగ్రహము, గోడను బడఁగొట్టుటయందుఁ జూపిన సాహసమునకుఁ దీసిపోదు.

మూఁడవ గ్రంథపు కడపటి పుటలో గెడ్ గతిని గూర్చి రెండు వృత్తాంతములు చెప్పఁబడినవి. గీతము ప్రకారము వాఁడు పట్టాభిషేకమునకు వచ్చి, తరువాతఁ దన పడవ నెక్కి పడమటికిఁ బోయి మఱల గనఁబడలేదు. గాంట్ ద్వీపవాసు లట్లనరు. రాజే వెదకికొని వచ్చెననియు, గెడ్ కాలినడకను గొండయడవులలోనికిఁ బోయెనని వినెననియు, వెదకింపఁబోయినవారిని వారించి, యతఁడు తన రాజ్యముకంటెఁ బెద్దరాజ్యము నేలుచున్నాఁడని పలికి వెడలెననియుఁ జెప్పుదురు. ఇరువది తొమ్మిది సంవత్సరముల పిమ్మట వెలువడిన ‘ది అదర్ విండ్’ చివరిపుటలో, రాజధానినుండి తిరిగివచ్చిన తెనార్, తాను లేనప్పు డేమి చేసితివని గెడ్ నడుగును. ఇల్లు కనిపెట్టుకొని యుంటి ననును. అడవికిఁ బోయితివా యని యామె మఱల నడుగఁగా, నింకను లేదని యతని ప్రత్యుత్తరము.